గీజర్ వేస్తే సినిమా ఆగుతోంది: ఒక సెల్లార్ థియేటర్ కేసు

ఇళ్లలో హోమ్ థియేటర్లకు వైరింగ్, ఎర్తింగ్ పని చేస్తుంటాను. నల్గొండ, మిర్యాలగూడ, సూర్యాపేట చుట్టుపక్కలే ఎక్కువ. ఈ కేసులో రెండు వేర్వేరు లోపాలు ఒకదాని మీద ఒకటి పడి ఒకే లోపంలా కనిపించాయి. నాకంటే ముందు చూసినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో పని చేసి వెళ్లడానికి అదే కారణం. ఊరి పేరు, ఓనర్ వివరాలు, పరికరాల కంపెనీలు రాయడం లేదు. మీటర్ రీడింగులు మాత్రం రాసుకున్నవి రాసుకున్నట్టే ఇస్తున్నాను.

ఇల్లు, సెల్లార్

రైస్‌మిల్లులు బాగా ఉన్న ఒక పట్టణంలో జీ ప్లస్ వన్ ఇల్లు. త్రీఫేజ్ కనెక్షన్. కింద నాలుగైదు అడుగుల మొరం, దాని కింద పరుపు బండ. ఆ బండను పగలగొట్టి సెల్లార్ కట్టారు. మొదట్లో పాత సామాను వేసుకునేవారు. తర్వాత గోడలకు ప్యానెల్స్, ఫాల్స్ సీలింగ్, కార్పెట్ వేసి థియేటర్‌గా మార్చారు. ప్రొజెక్టర్, రిసీవర్ (అన్ని పరికరాల బొమ్మ, సౌండు తీసుకుని ప్రొజెక్టర్‌కు, స్పీకర్లకు పంచే డబ్బా), సెవెన్ పాయింట్ వన్ స్పీకర్లు, సొంత ఆంప్లిఫైయర్ ఉన్న సబ్‌వూఫర్, డిష్ సెట్‌టాప్ బాక్స్, టన్నున్నర ఏసీ, సీలింగ్ అంచుల్లో డిమ్మర్‌తో ఎల్‌ఈడీ లైట్లు. వానాకాలంలో గోడల నుంచి ఊట వస్తుంది కాబట్టి మూలన చిన్న సంపు, అందులో మోటారు.

త్రీఫేజ్‌లోని మూడు లైన్లను ఆర్, వై, బీ అంటాం. ఫేజుల పంపకం ఇలా ఉంది: పై అంతస్తు గీజర్లు, ఏసీ ఆర్ ఫేజు మీద. గ్రౌండ్ ఫ్లోర్, బోరు మోటారు వై మీద. సెల్లార్ మొత్తం బీ మీద. ఈ పంపకం గుర్తుంచుకోండి, కేసు తాళంచెవి ఇక్కడే ఉంది.

ఏం ఇబ్బంది

ఓనర్ చెప్పినవి మూడు. సబ్‌వూఫర్ నుంచి ఎప్పుడూ ‘మ్‌మ్‌’ అని సన్నటి హమ్. సినిమా మధ్యలో సబ్ నుంచి ‘టప్’ అని చప్పుడు, ఒక్కోసారి దాంతోపాటే ప్రొజెక్టర్ ఆగిపోయి మళ్లీ మొదటినుంచి ఆన్ అవడం. అంతకుముందు వేసవిలో గాలివానకు రిసీవర్ బోర్డు పోవడం.

ఆయన నమ్మకం ఏమిటంటే కరెంటే చెడ్డది. “తమ్మీ, ఊరి చుట్టూ మిల్లులు, బోరు మోటార్లు. 24 గంటల కరెంటు వచ్చినంక అన్నీ ఒక్కతీరుగ నడుస్తనే ఉంటయి. మంచి పవర్ కండిషనర్ ఏదన్న చెప్పు, లక్షన్నరైనా పెడ్త” అన్నారు. పవర్ కండిషనర్ అంటే లైన్లోని గరగరను వడకట్టే డబ్బా.

అనుమానం గాలిలోంచి వచ్చింది కాదు. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా 2018 జనవరి 1 నుంచి మొదలైంది. అంతకుముందు గంటల లెక్కన కరెంటు ఇచ్చే రోజుల్లో ఆటో స్టార్టర్లు ఉన్న మోటార్లన్నీ కరెంటు రాగానే ఒకేసారి లేచేవి, ఊళ్లో బల్బులు డీలా పడేవి. ఆ జ్ఞాపకం జనంలో గట్టిగా ఉంది. అందుకే ఇంట్లో ఏ పరికరం చెడినా వేలు వీధిలోని ట్రాన్స్‌ఫార్మర్ వైపే వెళ్తుంది. అది నిజమా కాదా తేల్చడానికి మీటర్ దగ్గర కాసేపు నిలబడితే చాలు. ఎవరూ నిలబడలేదు.

నాకంటే ముందు చేసినవి

ఒకాయన సెల్లార్ సాకెట్‌లో వోల్టేజి తక్కువ చూసి ఐదు కేవీఏ స్టెబిలైజర్ పెట్టారు. ఇంకొకాయన హమ్ విని ‘ఎర్త్ మంచిగ లేదు’ అని ర్యాంపు పక్కన థియేటర్‌కు ప్రత్యేకంగా ఒక ఎర్త్ గుంత తీయించి, ఉప్పు, బొగ్గు పోసి, సెల్లార్ ఎర్త్ వైరును ఇంటి ఎర్త్ నుంచి తెంపి దానికి కలిపారు. హమ్ తగ్గకపోగా పెరిగింది. చివరికి ఎవరో సబ్‌వూఫర్ ప్లగ్గులో ఎర్త్ పిన్ కోసేశారు. హమ్ పూర్తిగా పోయింది. ఇంట్లో పిల్లవాడు సబ్ వెనక ముట్టుకుంటే చేతికి జివ్వుమంది.

ఈ చివరిదాని గురించి ఒక మాట. ఎర్త్ పిన్ కోస్తే హమ్ పోతుందన్నది నిజమే, దాదాపు ప్రతి ఊళ్లో ఎలక్ట్రీషియన్లకు తెలిసిన చిట్కానే. కానీ ఊట వచ్చే గోడలు, సిమెంటు నేల మీద కార్పెట్ ఉన్న గదిలో ఇనుప బాడీ ఉన్న ఆంప్లిఫైయర్‌కు ఎర్త్ లేకుండా చేయడం ఒప్పుకోలేని పని. వెళ్లగానే మొదట ఆ ప్లగ్గు మార్చి మళ్లీ మూడు పిన్నులది పెట్టాను. హమ్ తిరిగి వచ్చింది, ఓనర్ మొహం చిన్నబోయింది. ‘పోగొడదాం, కానీ ఇలా కాదు’ అని చెప్పాను. ఆ చిట్కా పనిచేసిందంటే మాత్రం ఒక ఆధారం దొరికినట్టే: హమ్ కరెంటు మురికి వల్ల కాదు, ఎర్త్ దారిలో ఏదో ప్రవహిస్తోంది. ఈ సంగతి తర్వాతికి పెట్టుకున్నాను.

ముందు ప్రొజెక్టర్ సంగతి

హమ్ చిరాకు పెడుతుంది, అంతే. వోల్టేజి ఊగిసలాట వస్తువుల్ని చంపుతుంది. అందుకే ప్రొజెక్టర్ ఆగడాన్ని ముందు పట్టుకున్నాను.

ఇంట్లోవాళ్లను అడిగితే పనికొచ్చే మాట ఓనర్ భార్య చెప్పారు. “పైన పిల్లల స్నానానికి గీజర్ వేసినప్పుడే కింద ఈయన లొల్లి మొదలైతది.” ఓనర్ కొట్టిపారేశారు. గీజర్ వేరే ఫేజు మీద ఉంది కదా, దానికీ దీనికీ ఏం సంబంధం అని ఆయన ప్రశ్న. సంబంధం ఉండకూడదు. ఉందంటే ఆ రెండు ఫేజులకూ ఉమ్మడిగా ఉన్న న్యూట్రల్‌లోనే, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరులోనే, ఏదో ఉండాలి.

పరీక్ష సులువు. మెయిన్ బోర్డులో ఆర్ మీద ఒక మీటరు, బీ మీద ఒక మీటరు పెట్టి, మా కుర్రాణ్ణి ఫోన్‌లో ఉంచి పైన గీజర్, ఏసీ వేయించాను. మొదట రెండూ 236 వోల్టులు. లోడు పడగానే ఆర్ 219కి దిగింది, బీ 243కి ఎక్కింది. గీజర్ ఆపి కింద సెల్లార్ ఏసీ వేస్తే తిరగబడింది: బీ దిగింది, ఆర్ ఎక్కింది.

ఒక ఫేజు దిగినప్పుడు ఇంకో ఫేజు ఎక్కడం న్యూట్రల్ లూజుకు గుర్తు. లైన్లో లో వోల్టేజి అయితే లోడు పడ్డ ఫేజు దిగుతుంది, మిగతావి అలాగే ఉంటాయి లేదా అన్నీ కలిసి దిగుతాయి. ఇంతగా ఎక్కడం మాత్రం ఉండదు. ఒకే మీటరుతో ఒకే సాకెట్‌లో చూసినవాళ్లకు ఇది ఎప్పటికీ దొరకదు. మొదట వచ్చినాయన ఏసీ నడుస్తున్నప్పుడు సెల్లార్‌లో చూసి ‘లో వోల్టేజి’ అన్నారు. గీజర్ నడుస్తున్నప్పుడు చూసి ఉంటే ‘హై వోల్టేజి’ అనేవారు.

తర్వాతి ప్రశ్న: లూజు ఇంటి లోపలా, బయటా? బయటైతే అది నా పని కాదు, కరెంటాఫీసులో ఫిర్యాదు ఇవ్వాలి. మీటర్ సీళ్ల జోలికి మనం వెళ్లకూడదు. మీటర్ నుంచి బయటికొచ్చే వైర్లు మొదటి ఐసోలేటర్‌కు (ఇంటి కరెంటు మొత్తం ఆపే స్విచ్) వచ్చే చోట కొలిస్తే అదే లోడుతో ఆర్ 233, బీ 237. అంటే అక్కడిదాకా బాగుంది. మన దగ్గర ఇళ్లకు వచ్చే ఎల్‌టీ (లో టెన్షన్) సరఫరా 230 వోల్టులకు ఆరు శాతం అటూ ఇటూ, అంటే సుమారు 216 నుంచి 244 మధ్య ఉండాలి. మీటర్ దగ్గర ఆ సాయంత్రం అంతా మధ్యలోనే నిలకడగా ఉంది. మిల్లుల తప్పు లేదు, బోర్ల తప్పు లేదు.

ఐసోలేటర్‌కు, మెయిన్ బోర్డుకు మధ్య ఉన్నది జనరేటర్ చేంజోవర్ స్విచ్ (లైన్ కరెంటు నుంచి జనరేటర్‌కు మార్చేది) ఒక్కటే. కట్టినప్పుడు పెట్టారు, జనరేటర్ కొననే లేదు. మెయిన్ ఆపి మూత తీస్తే న్యూట్రల్ టెర్మినల్ నల్లగా మాడి ఉంది, చుట్టూ ప్లాస్టిక్ కరిగింది. అల్యూమినియం కేబుల్‌కు మామూలు రాగి లగ్ (కేబుల్ కొసకు తొడిగే ముక్క) నొక్కి బిగించారు. అల్యూమినియం, రాగి నేరుగా కలిసే చోట తేమ తగిలితే తుప్పు పడుతుంది. పైగా అల్యూమినియం బిగింపు కింద నెమ్మదిగా నలిగి పలచబడుతుంది. వేడెక్కడం, చల్లారడం, మళ్లీ లూజవడం, ఇంకా వేడెక్కడం. ఫేజు టెర్మినళ్లు కూడా అలాగే చేశారు కానీ అవి ఇంకా మాడే దశకు రాలేదు.

ఆ రాత్రి ఇంట్లో పెద్ద లోడ్లేవీ వాడొద్దని చెప్పి తాత్కాలికంగా బిగించి వచ్చాను. ఇక్కడ కఠినంగా ఎందుకున్నానంటే, న్యూట్రల్ పూర్తిగా తెగితే ఫేజుల మధ్య ఉన్న 400 వోల్టుల పైచిలుకును ఇంట్లో వస్తువులు పంచుకుంటాయి. తక్కువ లోడు ఉన్న ఫేజు మీద 300 దాటొచ్చు. అప్పుడు పోయేది రిసీవర్ ఒక్కటే కాదు, ఇంట్లో ఫ్రిజ్, టీవీ అన్నీ. మర్నాడు చేంజోవర్ తీసేసి, కేబుల్ మాడిన కొస కత్తిరించి, బైమెటాలిక్ లగ్‌తో (ఒకవైపు అల్యూమినియం, ఇంకోవైపు రాగి ఉండేది) నేరుగా కొత్త ఐసోలేటర్‌కు ఇచ్చాను. సామానుకు పెద్ద ఖర్చేమీ కాలేదు. ఇప్పుడు గీజర్, పై ఏసీ వేస్తే ఆర్ మూడు వోల్టులు దిగుతోంది, బీ ఒక్క వోల్టు కదులుతోంది.

మరి ఆ స్టెబిలైజర్ ఉండగా ప్రొజెక్టర్ ఎందుకు ఆగేది? వోల్టేజి ఒక గీత దాటగానే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపింగును రిలేలతో, అంటే టక్కున మారే చిన్న స్విచ్‌లతో, మార్చే రకం అది. దాని ట్యాప్ మారే గీత 240 దగ్గర ఉంది. గీజర్ వేయగానే బీ సరిగ్గా ఆ గీత మీదికి వచ్చి అటూ ఇటూ ఊగేది, రిలే టకటకా కొట్టుకునేది. రిలే మారే ఆ క్షణం ఔట్‌పుట్ తెగుతుంది. ఒక్కసారి తెగితే ప్రొజెక్టర్ పవర్ సప్లయి ఓర్చుకుంటుంది, వరుసగా తెగితే ఓర్చుకోదు. సబ్‌లో వినిపించిన ‘టప్’ కూడా ఆ రిలేదే. రక్షణకని తెచ్చిన డబ్బానే సినిమా ఆపుతోంది. న్యూట్రల్ బాగయ్యాక స్టెబిలైజర్ తీసేశాం, మళ్లీ ఆగలేదు.

ఇక హమ్

న్యూట్రల్ సరిచేస్తే హమ్ కూడా పోతుందని ఓనర్ ఆశ. పోలేదు. అక్కడే ఇవి రెండు వేర్వేరు లోపాలని తేలింది.

ఓనర్ ఇంకా పవర్ కండిషనర్ మీదే ఉన్నారు. వాదించడం కంటే చూపించడం మేలని తెలిసినవాళ్ల దగ్గర రెండు కేవీఏ ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి, థియేటర్ పరికరాలున్న ర్యాకు మొత్తాన్ని దాని మీద నడిపించాను. అది లైన్ నుంచి వచ్చే గరగరలో చాలా భాగాన్ని ఆపుతుంది. ఎర్త్ వైరు మాత్రం నేరుగా ర్యాకుకే వెళ్తుంది, వెళ్లాలి కూడా. హమ్ పిసరంత కూడా మారలేదు. ఖరీదైన కండిషనర్ పెట్టినా ఫలితం ఇంతే ఉంటుందని అప్పుడు ఒప్పుకున్నారు.

తర్వాత ఒక్కొక్క కేబుల్ పీకుతూ పోయాను. సబ్‌కు వచ్చే ఆర్‌సీఏ (సౌండు సిగ్నల్ కేబుల్) పీకితే నిశ్శబ్దం. అంటే సబ్ సొంత పవర్ సప్లయి బాగుంది. ఆర్‌సీఏ పెట్టి, రిసీవర్ వెనక హెచ్‌డీఎంఐలు ఒక్కొక్కటి తీశాను. సెట్‌టాప్ బాక్స్ హెచ్‌డీఎంఐ తీయగానే పోయింది. దాన్ని మళ్లీ పెట్టి, బాక్స్‌కు వచ్చే డిష్ కేబుల్ తీశాను, అప్పుడూ పోయింది. బాక్స్ దోషం కాదు, డిష్ కేబుల్ పైతొడుగు గుండా ఏదో వస్తోంది.

ఆ కేబుల్ మేడ మీది డిష్ నుంచి వస్తుంది. డిష్ స్టాండు ఇనుప రెయిలింగుకు బిగించి ఉంది, ఆ రెయిలింగుకు ఇంటి ఎర్త్ కలిపి ఉంది. కింద ర్యాకుకేమో ర్యాంపు పక్కన తీసిన కొత్త గుంత ఎర్త్. ఒకే గదిలోకి రెండు ఎర్త్‌లు రెండు దారుల్లో వచ్చి రిసీవర్ బాడీ దగ్గర కలుస్తున్నాయి. కేబుల్ విడిచి ఆ రెండింటి మధ్య కొలిస్తే ఏసీ 3.6 వోల్టులు. ఆ తేడాయే కేబుల్ తొడుగుల్లో కరెంటై పారి, 50 హెర్ట్జ్ హమ్‌గా సబ్‌లో పలుకుతోంది. ఇంటి ఎర్త్ మీద అంత వోల్టేజి ఎక్కడిది? ఎర్త్ వైర్లకు క్లాంప్ మీటర్ వేస్తూ వెళ్తే బోరు మోటారు స్టార్టర్ వైపు పోయే దాంట్లో 0.2 ఆంపియర్లు కనిపించాయి. స్టార్టర్ డబ్బాలో కేబుల్ ఇన్సులేషన్ ఒరుసుకుపోయింది. అది స్విచ్‌కు ముందరి వైరు, అందుకే మోటారు ఆపినా లీకేజి ఆగలేదు. ఆ సర్క్యూట్‌కు ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే ఆపేసే స్విచ్) లేదు కాబట్టి ఎప్పుడూ ట్రిప్ కాలేదు. ఇంటి గుంత రీడింగు ఎర్త్ టెస్టర్‌లో 18 ఓమ్‌లు. 18 ఓమ్‌లలో 0.2 ఆంపియర్లు పారితే 3.6 వోల్టులే. లెక్క అతికినట్టు సరిపోయింది.

థియేటర్ గుంత రీడింగు ఇంకా అన్యాయం, 42 ఓమ్‌లు. ఎండాకాలం, మొరం ఎండిపోయింది, కింద బండ. పైపు ఆ నాలుగడుగులకే ఆగింది. సంగీతం సంగతి అటుంచండి. ర్యాకులో ఏ వస్తువుకైనా ఫేజు బాడీకి తగిలితే 230 వోల్టులకు 42 ఓమ్‌ల గుండా ఐదున్నర ఆంపియర్లు కూడా పారవు. 16 ఆంపియర్ల ఎంసీబీ దానికి కదలదు. బాడీ మొత్తం కరెంటుతో అలాగే ఉంటుంది. ‘క్లీన్ ఎర్త్’ పేరుతో విడిగా గుంత తీసి ఇంటి ఎర్త్‌తో కలపకుండా వదిలేయడం అందుకే నాకు నచ్చని పని. గుంతలు ఎన్నైనా తీయొచ్చు, కానీ అన్నీ ఒకదానికొకటి కలవాలి.

చేసిన పని: స్టార్టర్ వైరు మార్చాను. రెండు గుంతల్ని జీఐ పట్టీతో కలిపాను. మెయిన్ బోర్డులో ఒకే ఎర్త్ బార్ పెట్టి సెల్లార్ ఎర్త్, రెయిలింగు ఎర్త్, బోరు ఎర్త్ అన్నీ అక్కడికి తెచ్చాను. అప్పుడే సబ్ ఆన్ చేసి చూశాం, సీట్లలో కూర్చుంటే హమ్ వినిపించలేదు. గుంత ఓమ్‌లు ఇంకా తగ్గించకముందే ఇది జరిగిందని గమనించాలి. హమ్‌కు కావాల్సింది రెండు ఎర్త్‌ల మధ్య తేడా లేకపోవడం. ఓమ్‌లు తగ్గాల్సింది మనుషుల కోసం, పిడుగుల కోసం. దానికి ట్యాంకు ఓవర్‌ఫ్లో నీళ్లు పడే మూల చూసి, మెషిన్‌తో బండలోకి డ్రిల్ చేయించి, రాగి పూత రాడ్డు దించి బెంటోనైట్ (తేమ పట్టి ఉంచే మట్టి) నింపించాను. మూడూ కలిపి ఆరు ఓమ్‌లు చూపించింది.

చెవి సబ్‌కు ఆనించి వింటే కొంచెం మిగిలింది. ఆర్‌సీఏ కేబుల్‌ను ఏసీ పవర్ వైరుతో ఒకే డక్టులో పన్నెండు మీటర్లు లాగారు. దాన్ని వేరే దారిలో వేసి, సబ్ దగ్గర చిన్న ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాను. ఓనర్ కొడుకు ఇంటర్నెట్‌లో చూసి డిష్ కేబుల్‌కే హమ్ ఆపే ఐసొలేటర్ పెట్టొచ్చు కదా అన్నాడు. మంచి ప్రశ్న. కానీ డిష్ మీద ఉన్న ఎల్‌ఎన్‌బీకి (సిగ్నల్ అందుకునే ముక్క) 13 లేదా 18 వోల్టుల డీసీ ఆ కేబుల్ లోంచే వెళ్తుంది. కేబుల్ టీవీ కోసం అమ్మే మామూలు ఐసొలేటర్లు దాన్ని ఆపేస్తాయి, బొమ్మ రాదు.

డిమ్మర్ తగ్గించినప్పుడు వచ్చే ‘బర్ర్’ వేరే సంగతి. అది ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ తరహా డిమ్మర్ కరెంటు అలను కోసేయడం వల్ల వచ్చేది. స్క్రీన్ పక్క వరుసకు డిమ్మింగ్ ఉన్న డ్రైవర్లు పెట్టాం. మిగతావి ఓనర్ వద్దన్నారు, సినిమాప్పుడు అవి ఆర్పేస్తాం కదా అని.

చివరికి ఏం పెట్టాం

మెయిన్ బోర్డు నుంచి థియేటర్ ర్యాకుకు విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు. పాత 2.5 వైరు తీసేయాల్సినంత చెడ్డదేం కాదు, కానీ ముప్పై మీటర్ల దూరం, అందులోనే ఏసీ కూడా ఉంది. ఏసీని వై ఫేజుకు మార్చాను. ర్యాకు వస్తువులన్నీ మాత్రం ఒకే ఫేజు మీద ఉంచాను.

ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్లది, ర్యాకుకు ఒకటి, సంపు మోటారుకు ఇంకొకటి. విడదీయడానికి కారణం ఉంది. ప్రతి పవర్ సప్లయిలో ఫిల్టర్ ఎర్త్‌లోకి కొద్దిగా వదులుతుంది. అన్నీ కలిసి పదిహేను మిల్లీ ఆంపియర్లు దాటితే 30 రేటింగు ఉన్నది కూడా ట్రిప్ అవ్వొచ్చు. వానరాత్రి రిసీవర్ వల్ల ట్రిప్ అయి సంపు మోటారు ఆగితే పొద్దున్నకు కార్పెట్ తేలుతుంది. ర్యాకు లీకేజి కొలిస్తే 6 మిల్లీ ఆంపియర్లు, పరవాలేదు.

మెయిన్ బోర్డులో టైప్ టూ సర్జ్ ప్రొటెక్టర్, అంటే వోల్టేజి ఒక్కసారిగా ఎగిస్తే దాన్ని ఎర్త్‌లోకి మళ్లించేది. దాని ఎర్త్ వైరు అర మీటరు లోపే ఉండేలా బోర్డులోనే చోటు చేశాను, పొడుగైతే దాని పని సగం పోతుంది. ప్రొజెక్టర్‌కు, సెట్‌టాప్ బాక్స్‌కు మాత్రమే ఒక కేవీఏ ప్యూర్ సైన్ యూపీఎస్, ల్యాంపు చల్లారేదాకా ఫ్యాన్ తిరగడానికి. రిసీవర్, సబ్ నేరుగా లైన్ మీదే. ఇంటి ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకం కాబట్టి దాన్ని సెల్లార్ లైట్లకే పరిమితం చేశాను. స్క్వేర్ వేవ్ మీద ఆంప్లిఫైయర్ ట్రాన్స్‌ఫార్మర్ తనంతట తనే గుర్రుమంటుంది.

పాత రిసీవర్ బోర్డు పోయింది న్యూట్రల్ వల్లా, గాలివాన సర్జ్ వల్లా అని ఓనర్ అడిగారు. ఆ బోర్డు పారేశారు. చూడకుండా చెప్పలేనన్నాను.

ఇలాంటి ఇంటికి వెళ్లే కొత్త కుర్రాళ్లకు చెప్పేది ఒకటుంది. సాకెట్ దగ్గర మొదలుపెట్టకండి. మీటర్ దగ్గర మొదలుపెట్టి కిందికి రండి, మూడు ఫేజులూ లోడు మీద ఒకేసారి చూడండి. ‘ఎప్పుడు ఆగుతుంది’ అన్న ప్రశ్నను ఓనర్‌ను కాదు, ఇంట్లో ఎక్కువసేపు ఉండేవాళ్లను అడగండి.

రీడింగులన్నీ మెయిన్ బోర్డు తలుపు లోపలివైపు రాసి అంటించాను. ఆ తర్వాతి మే నెలలో మళ్లీ కొలిస్తే ఎర్త్ ఏడున్నర ఓమ్‌లు, లగ్గులన్నీ గట్టిగానే ఉన్నాయి. ఇప్పుడాయన మేడ మీద సోలార్ పెట్టిస్తానంటున్నారు. ప్యానెళ్ల ఫ్రేములకు, ఇన్వర్టర్‌కు సోలార్ వాళ్లు విడిగా గుంతలు తీస్తారు, వాటినీ ఇదే బార్‌కు కలపమని పని మొదలుపెట్టకముందే అడగండని చెప్పి ఉంచాను.